లేని కాలి నొప్పికి అద్దం వైద్యం: రెండేళ్లకు పైగా వాడినాక నా మాట

కాలు తీసేశాక లేని పాదంలో నొప్పి వస్తుంటే అద్దం పెట్టుకుని చేసే వైద్యం నిజంగా పనిచేస్తుందా అని నన్ను చాలామంది అడుగుతున్నారు. పనిచేస్తుంది, కానీ అన్ని రకాల నొప్పులకూ కాదు. దేనికి పనిచేసిందో, దేనికి చేయలేదో విడదీసి చెప్పకపోతే కొత్తవాళ్లు నాలుగు రోజులు చూసి పక్కన పడేస్తారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

మాది నల్లగొండ దగ్గర పల్లె. హైదరాబాద్-విజయవాడ హైవే మీద చిట్యాల దాటాక లారీ తగిలింది, ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. ఆపరేషన్ అయిన ఒకట్రెండు రోజులకే లేని కాలి వేళ్లు లోపలికి ముడుచుకుపోయి ఎంత గుంజినా తెరుచుకోనట్టు ఒకటే నొప్పి, రాత్రయితే మరీ ఎక్కువ. మా అవ్వ "లేని కాలు ఎట్ల నొస్తది బిడ్డా" అని ఏడ్చేది. ఊళ్లో గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. ఆస్పత్రిలో ముందుగా ఒక్కరూ చెప్పలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. కాలో చెయ్యో తీసేసినవాళ్లలో ఎక్కువమందికి వచ్చే నొప్పి ఇది. సంతకం పెట్టించుకునేటప్పుడే రెండు మాటలు చెప్తే ఆ మనిషి తనకు పిచ్చి పడుతోందేమో అని భయపడకుండా ఉంటాడు కదా.

తర్వాత హైదరాబాద్‌లో ఒక ఫిజియోథెరపీ మేడమ్ అర్థమయ్యేట్టు చెప్పారు. మన ఒంటి పటం మొత్తం మెదడులో ఉంటుంది, కాలు పోయినా ఆ పటంలో కాలి చోటు అట్లనే ఉంటుంది. వేళ్లు కదలాలని మెదడు చెప్తుంది, కదిలినట్టు జవాబు రాదు. దానికి తోడు తెగిన నరాల కొసలు వాటంతటవే సంకేతాలు పంపుతుంటాయి. ఇవన్నీ కలిసి నొప్పిగా తెలుస్తాయి. 1871లోనే అమెరికాలో మిచెల్ అనే డాక్టర్, అక్కడి అంతర్యుద్ధంలో కాళ్లూ చేతులూ పోయిన సైనికులను చూసి దీనికి 'ఫాంటమ్ లింబ్' (అంటే దెయ్యంలా ఉన్నట్టు అనిపించే లేని అవయవం) అని పేరు పెట్టాడు. అద్దం ఆలోచన మాత్రం మద్రాస్ స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివిన వి.ఎస్. రామచంద్రన్ గారిది, 1990లలో. 2007లో అమెరికా సైనికుల మీద చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. రోజుకు 15 నిమిషాలు, 4 వారాలు. నిజం అద్దం చూసినవాళ్లకు నొప్పి బాగా తగ్గింది, గుడ్డ కప్పిన అద్దం ముందు చేసినవాళ్లకూ, కళ్లు మూసుకుని ఊహించుకున్నవాళ్లకూ అంతగా తగ్గలేదు. 22 మందితో చేసిన చిన్న పరీక్షే అయినా నాకు ధైర్యం ఇచ్చింది అదే.

ఇక వాడకం సంగతి. దీనికి ప్రత్యేకంగా అద్దం బిగించిన పెట్టె కొనాల్సిన పనిలేదు, అద్దాల షాపులో బీరువాకు వేసే రకం మామూలు అద్దం రెండున్నర అడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు కోయించుకుని, వెనక ప్లైవుడ్ కొట్టించి, అంచులు అరగదీయించి టేప్ వేయించుకుంటే చాలు. బరువు ఉంటుంది కాబట్టి రెండు వైపులా దిండ్లు ఆనించాలి. ఆక్రిలిక్ షీట్ తేలిక, ఎక్కడికైనా తీసుకుపోవచ్చు, కానీ కొంచెం వంగినా కాలు వంకరగా కనబడుతుంది, అప్పుడు పని జరగదు. మంచం మీద కాళ్లు చాపి కూర్చుని రెండు కాళ్ల మధ్య అద్దాన్ని నిలబెట్టాలి, అద్దంలో బొమ్మ కనబడే వైపు బాగున్న కాలి వైపు ఉండాలి. మొండి కాలు వెనక దాగిపోవాలి. మంచి కాలికి దిష్టి తాడు, పట్టీలు, మెట్టెలు, సాక్సులు ఏమున్నా తీసేయాలి, ఎందుకంటే లేని కాలికి అవి ఉన్నట్టు అనిపించదు, కంటికి కనబడేదీ లోపల తెలిసేదీ కలవవు. ఆ తర్వాత అద్దంలో కాలినే చూస్తూ వేళ్లు మెల్లగా ముడవడం, తెరవడం, పాదం పైకి కిందికి ఆడించడం, రెండు వైపులా ఒకేసారి చేస్తున్నట్టు మనసు పెట్టాలి. ఫోన్ చూస్తూ చేస్తే ఏమీ ఉండదు.

మొదట్లో తల తిరిగింది, చెమటలు పట్టాయి, పోయిన కాలు మళ్లీ కనబడేసరికి ఏడుపు ఆగలేదు. ఇది చాలామందికి అవుతుందట, ఇంట్లోవాళ్లు ఎవరైనా పక్కన ఉంటే మంచిది. మూడో వారం ప్రాంతంలో ఒక పొద్దున ముడుచుకున్న వేళ్లు విచ్చుకున్నట్టు అనిపించింది, అంతే, ఆ గుంజుడు వదిలింది. పూర్తిగా పోలేదు, పత్తి ఏరే రోజుల్లో వీలుకాక ఆపితే మళ్లీ వచ్చింది, మొదలుపెడితే మళ్లీ తగ్గింది. ఇప్పుడు మబ్బు పట్టిన రోజుల్లోనే ఎక్కువగా చేస్తున్నా.

కానీ నాకు ఇంకో నొప్పి ఉండేది, మొండి కాలి చివర ఒకచోట వేలు తగిలితే కరెంట్ షాక్ కొట్టినట్టు జివ్వుమనేది. దాన్ని అద్దం ఏమీ చేయలేకపోయింది. అది తెగిన నరం కొసన కట్టిన గడ్డ, న్యూరోమా అంటారు. డాక్టర్ అక్కడ ఇంజెక్షన్ ఇచ్చి, జైపూర్ కాలి (పెట్టుడు కాలు) సాకెట్, అంటే మొండి కాలు దూర్చే గిన్నె, ఆ చోట ఒత్తకుండా సరిచేయించాకే తగ్గింది. కాబట్టి నొప్పి లేని పాదంలో ఉందా, ఉన్న మొండి కాల్లో ఉందా అని ముందు గమనించుకుని డాక్టర్‌కు అట్లనే విడిగా చెప్పండి. నూలు గుడ్డతో మొండి కాలిని రోజూ మెల్లగా రుద్దడం, తట్టడం కూడా నాకు మేలు చేసింది, కాకపోతే గాయం పూర్తిగా మానాకే.

మందుల్లో నాకు నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబాలిన్ రాశారు, మంట తగ్గి నిద్ర పట్టింది. అయితే మత్తు, తూలుడు ఉంటాయి, ఒంటి కాలితో రాత్రి బాత్రూమ్‌కు లేచేవాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది, మంచం పక్కనే చేతికర్ర పెట్టుకోండి. షుగర్ వల్ల కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు డోసు తగ్గించి ఇవ్వాలి, ఆ సంగతి ముందే చెప్పండి. నొప్పి తగ్గిందని ఒక్కసారిగా మానేయొద్దు, డాక్టర్ చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి.

రెండు కాళ్లూ పోయినవాళ్లకు ఈ అద్దం కుదరదు, చూపించడానికి ఒక కాలు ఉండాలి. మోకాలి పైన తీసినవాళ్లు మాత్రం అద్దం ఇంకో అడుగు పొడవు కోయించుకోండి, తొడ మొదలు నుంచి వేళ్ల దాకా కాలు మొత్తం కనబడాలి.