కుక్క మెడ బిల్ల ఆన్‌లైన్‌లో కొంటున్నారా? ముందు గోటితో గీకి చూడండి

కుక్కలకి పేరు, ఫోన్ నంబరు చెక్కిన బిల్లలు ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్ళందరూ ఇది చదవాలని రాస్తున్నాను. రూ.349 పోయాయని కాదు. ఆ బిల్లని నమ్ముకుని మొన్న దీపావళి రాత్రంతా మేం పడ్డ టెన్షన్ ఇంకెవరూ పడకూడదు.

మా కుక్క పేరు కర్రి, వీధిలో పుట్టిన నల్ల నాటు కుక్క. నాలుగేళ్ళుగా మా ఇంట్లోనే పెరుగుతోంది. మే నెలలో దానికి బిల్ల కొన్నాం. "అసలైన ఇత్తడి, లేజర్‌తో చెక్కినది, జీవితాంతం చెరగదు" అని పేజీలో పెద్ద అక్షరాలతో ఉంది. వచ్చినప్పుడు తళతళలాడుతూ ముచ్చటగానే ఉంది, వెంటనే బెల్టుకి తగిలించేశాం. అప్పుడే గోటితో ఒక్కసారి రాసి చూసి ఉంటే తెలిసిపోయేది. అక్షరాలు చెక్కలేదు. పైన అచ్చు వేసి, దాని మీద వార్నిష్ లాంటిదేదో పూశారు.

కుక్క మెడలో బిల్ల ఎంత నలుగుతుందో ఆలోచించండి. నీళ్ళు తాగినప్పుడల్లా స్టీలు గిన్నె అంచుకి టంగుమని కొట్టుకుంటుంది. పడుకున్నప్పుడల్లా గచ్చు మీద రాసుకుంటుంది. స్నానాలు, షాంపూ, వాన, ఇసుక సరేసరి. అచ్చు వేసిన అంకె అయిదు నెలలు కూడా నిలవలేదు. మెడ కింద బొచ్చులో ఉండేది కాబట్టి మేమూ పట్టించుకోలేదు.

దీపావళి రాత్రి తొమ్మిదింటికి పక్కవీధిలో బాంబుల పేట పేల్చారు. అదే సమయానికి మా పిన్ని లోపలికి రావడానికి గేటు తీసింది. కర్రి ఆవిడ కాళ్ళ మధ్య నుంచి దూరి పరుగు తీసింది. రెండు స్కూటర్ల మీద రాత్రి రెండింటిదాకా ఊరంతా తిరిగాం. మా అబ్బాయి బిస్కెట్ ప్యాకెట్టు చప్పుడు చేస్తూ ప్రతి సందులోనూ పిలిచాడు. ఎక్కడా జాడ లేదు.

పొద్దున్న ఏడున్నరకి ఫోను వచ్చింది. మూడు కిలోమీటర్ల అవతల టిఫిన్ బండి నడిపే ఆయన. "ఏవండీ, నల్ల కుక్క మీదేనాండి? ఆరో అంకె అస్సలు కనపడట్లేదండి, చివరిది మూడో ఎనిమిదో తెలీట్లేదండి. ఇది పదమూడో ఫోనండి." ఒక అంకె పూర్తిగా పోయి, ఇంకో అంకె సందేహంలో పడితే మొత్తం ఇరవై నంబర్లు ప్రయత్నించాలి. పండగ మర్నాడు పొద్దున్నే పన్నెండు మంది చేత విసుక్కోబడి కూడా ఆయన మానలేదు. మేం వెళ్ళేసరికి కర్రి ఆయన బండి కింద ముడుచుకుని వణుకుతోంది. ఆయన పిండి కలిపిన చేత్తోనే దాని బెల్టు పట్టుకుని కూర్చున్నాడు. ఆ మనిషికి ఓపిక లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

కాబట్టి బిల్ల చేతికొచ్చిన రోజే పరీక్షించండి. గోటి కొసతో అంకెల మీద అడ్డంగా గీకితే గాడి తగలాలి. నున్నగా జారిపోతే అది అచ్చే. దూదికి గోళ్ళరంగు తుడిచే ద్రావకం అద్ది ఒక మూల రుద్దండి, అచ్చయితే రంగు దూదికి అంటుకుంటుంది. ఇత్తడి అన్నారు కదా, అయస్కాంతం పెట్టి చూడండి. ఇత్తడి అయస్కాంతానికి అంటుకోదు. మాది టక్కున అంటుకుంది, అంటే లోపల ఉన్నది ఇనుమే. బిల్లతో ఇచ్చే రింగు కూడా చూడండి. వేలి గోళ్ళతో సులువుగా విడదీయగలిగితే కుక్క ఒక్కసారి కంచెకి రాసుకున్నా ఊడిపోతుంది. తాళంచెవులకి వాడే మందపాటి రెండు చుట్ల రింగు విడిగా కొని వేయండి.

క్యూఆర్ కోడ్ బిల్ల ఒక్కదాన్నే నమ్ముకోవడం కూడా నాకు మంచిదనిపించదు. స్కాన్ చేస్తే ఎవరిదో వెబ్ పేజీ తెరుచుకోవాలి. ఆ కంపెనీ మూతపడితే మీ నంబరూ దానితోనే పోతుంది. మా కర్రిని కాపాడిన ఆయన చేతిలో ఉన్నది బటన్ల ఫోను. మైక్రోచిప్ మంచిదే, వేయించండి, కానీ అది జీపీఎస్ కాదు. చర్మం కింద ఉండే పదిహేను అంకెల నంబరు అది. దాన్ని చదివే స్కానర్ ఉన్నచోటికి కుక్కని తీసుకెళ్తేనే పని చేస్తుంది. రోడ్డు మీద మనిషికి కనపడాల్సింది ఫోన్ నంబరు.

ఇప్పుడు కర్రి మెడలో ఉన్నది మేం ఇంట్లో చేసిందే. అమ్మ పెళ్ళికి 1987లో పెట్టిన స్టీలు బిందె ఇప్పటికీ మా వంటింట్లో ఉంది. రోజూ తోముతున్నా దాని మీద కొట్టించిన పేరు చుక్కచుక్కగా చక్కగా చదవొచ్చు. దాన్ని చూశాకే ఈ ఆలోచన వచ్చింది. అల్యూమినియం కిటికీలు చేసే షాపులో రెండు మిల్లీమీటర్ల మందం రేకు ముక్క అడిగితే ఊరికే ఇచ్చారు. రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దగా కోసి, అంచులు ఆకురాయితో నున్నగా అరగదీసి, పై అంచుకి మరీ దగ్గర కాకుండా చిల్లు వేశాం. రేకు మీద సుత్తితో అంకెలు కొట్టే నంబరు పంచ్‌ల సెట్టు హార్డ్‌వేర్ కొట్లో దొరుకుతుంది. రేకుని ఇనప దిమ్మ మీద పెట్టి ఒక్కో అంకెకి ఒకే గట్టి దెబ్బ వేయాలి, రెండోది వేస్తే అంకె జంటగా పడుతుంది. చాలా సెట్లలో 6కీ 9కీ పంచ్ ఒకటే, తలకిందులు కాకుండా చూసుకోండి. వెనకవైపు స్టీలు సామాన్ల కొట్లో పేర్లు కొట్టే ఆయన చేత తెలుగులోనే రాయించాం: "తప్పిపోయాను, ఫోన్ చేయండి. టీకాలు వేశారు." ఆయన రూ.30 తీసుకున్నాడు. ముందువైపు మాది, పిన్నిది రెండు నంబర్లు ఉన్నాయి. కుక్క పేరు కొట్టించలేదు, ఎత్తుకుపోయేవాడికి పేరు పెట్టి పిలిచే అవకాశం ఎందుకని.

ఇంట్లో చేసేవాళ్ళు బోల్టుల కింద వేసే, జింకు పూత ఉన్న వాషర్లు మాత్రం వాడొద్దు. కుక్క కొరికి మింగితే జింకు ఒంట్లో కలిసి విషమవుతుంది, ఎర్ర రక్తకణాలు విరిగిపోతాయి. నాణేలకి చిల్లు పొడవడం కూడా వద్దు, 2011 నాణేల చట్టం ప్రకారం అది నేరం. లామినేషన్ చేసిన కాగితాలు రెండు వానలకే ఉబ్బిపోతాయి.

ఇక అమ్మినవాళ్ళ సంగతి. ఫొటోలు పంపితే "పేరు వేసి ఇచ్చిన వస్తువు వెనక్కి తీసుకోం" అని ఒక్క ముక్కలో జవాబిచ్చారు. ఆ మాట విని ఊరుకోకండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, లోపం ఉన్న వస్తువునిగానీ ప్రకటనలో చెప్పినట్టు లేనిదాన్నిగానీ వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. బిల్ల వచ్చిన రోజే వెలుగులో ఫొటో తీసి పెట్టుకోండి. ఆర్డరు పేజీని, అందులో "చెక్కినది" అన్న మాట కనపడేలా, స్క్రీన్‌షాట్ తీసుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే ఫిర్యాదు నమోదు చేసుకుని నంబరు ఇస్తారు. నేను చేశాను, ఇంకా తేలలేదు. ఆ బిల్ల పేజీ నిన్న రాత్రి మళ్ళీ తెరిచి చూశాను. అదే ఫొటో, "లేజర్‌తో చెక్కినది" అన్న అదే మాట ఇంకా అలాగే ఉన్నాయి.