ఎక్స్ జపాన్ పాటల్లో పాడటానికి ఏది మేలు: 'ఎండ్‌లెస్ రెయిన్' ఆ, 'టియర్స్' ఆ?

ఎక్స్ జపాన్ పాటల్లో మామూలు గొంతుకు అందేవి తక్కువ. డ్రమ్స్, పియానో వాయించే యోషికి, గాయకుడు తోషి అనే చిన్ననాటి స్నేహితులు 1982లో జపాన్‌లోని చిబా ప్రాంతంలో మొదలుపెట్టిన రాక్ బృందం ఇది. వేగం, హోరు, ఆకాశానికి లేపిన జుట్టు, మొహం నిండా రంగులు వీళ్ల గుర్తు. జపాన్‌లో పాటతో పాటు ఇలాంటి ఆర్భాటపు వేషానికీ పెద్దపీట వేసే 'విజువల్ కెయి' అనే ఒరవడికి దారి వేసినవాళ్లలో వీళ్లది ముందువరస. అయినా ఊళ్లకు ఊళ్లు పాడుకున్నది వీళ్ల నెమ్మదైన పాటల్నే. వాటిలో రెండింటి మధ్యే అసలు పోటీ.

'ఎండ్‌లెస్ రెయిన్' 1989 ఏప్రిల్‌లో 'బ్లూ బ్లడ్' ఆల్బమ్‌లో వచ్చి, డిసెంబర్ 1న విడి పాటగా విడుదలైంది. నిడివి ఆరున్నర నిమిషాలు. 'టియర్స్' 1993 నవంబర్‌లో వచ్చింది, అది పది నిమిషాలు దాటుతుంది. రెండూ యోషికి కట్టిన బాణీలే. జపాన్‌లో కరోకే గదికి (రికార్డు చేసిన వాద్యాల మీద మన గొంతుతో పాడుకునే గదికి) అరగంట లెక్కన డబ్బు కడతారు కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. 'టియర్స్' ఒక్కటే ఆ అరగంటలో మూడో వంతు తినేస్తుంది. నడుమ వాద్యాలు మోగుతున్నంతసేపూ పాడేవాడు మైకు పట్టుకుని తెర చూస్తూ నిలబడాలి. చివర్లో యోషికి ఇంగ్లిష్‌లో చెప్పే మాటలుంటాయి, పాట కాదు. యోషికికి పదేళ్ల వయసులో తండ్రి ఆత్మహత్యతో తగిలిన దెబ్బ ఈ పాట వెనక ఉంది. ఆ సంగతి తెలిసినవాళ్ల ముందు ఆ మాటల్ని నటిస్తూ చదివితే ఎబ్బెట్టుగా ఉంటుంది. అక్కడ పాట ఆపే మీట నొక్కడమే మర్యాద.

నలుగురిలో పాడటానికైతే 'ఎండ్‌లెస్ రెయినే' మేలు. పల్లవిలో ఇంగ్లిష్ మాటలే ఎక్కువ కాబట్టి జపనీస్ రానివాళ్లు కూడా అందుకుంటారు. కచేరీల్లో పాట ముగిశాక కూడా వేలమంది వాద్యాల్లేకుండా ఆ పల్లవినే పాడుతూ ఉండిపోతారు. మీ గొంతు సగంలో జారినా గది మొత్తం కలిసి మోస్తుంది. 'టియర్స్'లో ఆ వెసులుబాటు తక్కువ, బరువంతా ఒక్కరి మీదే.

అయితే 'ఎండ్‌లెస్ రెయిన్' తేలిక అనుకుని దిగితే మాత్రం దెబ్బతింటారు. చరణం కింది స్థాయిలో, పియానో మీద మాట్లాడినట్టే సాగుతుంది. 'ఇది మన శ్రుతే' అనిపిస్తుంది. పల్లవి రాగానే బాణీ పైకి లేస్తుంది. తోషిది సహజంగానే ఎత్తైన గొంతు, అసలు శ్రుతిలో మగవాళ్లు చాలామంది అక్కడే కీచుమంటారు. అందుకే పాట పెట్టకముందే పల్లవి తొలి వాక్యాన్ని వాద్యాలు లేకుండా పాడి చూసుకోవాలి. తర్వాత రిమోట్‌లో శ్రుతి తగ్గించుకోవాలి. ఒక్కో నొక్కుకి హార్మోనియం మీద ఒక మెట్టు దిగుతుంది, నల్ల మెట్లు కూడా లెక్కే. మూడు మెట్లు చాలు, నాలుగు దాకా ఫర్వాలేదు. ఐదారు దించితే పల్లవి హాయిగా ఉంటుంది గానీ చరణంలో గొంతు పాతాళంలో పడి మైకుకే వినపడదు. చరణంలో మైకు పెదవులకు దగ్గరగా ఉంచి, పల్లవిలో జానెడు దూరం జరిపితే ఈ తేడా కొంత సర్దుకుంటుంది. ఎకో ఎక్కువ పెట్టొద్దు. సాగదీసే స్వరాలు ఒకదాని మీద ఒకటి పడి మాటలు ముద్దవుతాయి.

ఉచ్చారణలో తెలుగువాళ్లకు కొంత కలిసొస్తుంది. మొదటి చరణంలో 'కిజుత్సుయిత కరద' (గాయపడిన దేహం) అన్న చోట ఆ 'త్సు' ఇంగ్లిష్ అలవాటున్న నోటికి తిరగదు. మనకైతే 'చుక్క', 'చలి' అన్నప్పుడు వచ్చే దంత్య చకారానికి దగ్గరే. ఆ 'త', 'ద'లను మాత్రం ట, డ చేయకండి. పక్కనే ఇంగ్లిష్ వాక్యాలు ఉండటంతో నాలుక అటు వెళ్లిపోతుంది, అక్కడే జపనీస్ చెడుతుంది. ఇక గమకాలు వద్దు. తోషి స్వరాన్ని నిలువుగా పట్టి, చివర్లో మాత్రమే కాస్త వణికిస్తాడు.

ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒంటరిగా వినడానికైతే లెక్క మారుతుంది. పది నిమిషాలూ తీగవాద్యాలతో పెరుగుతూ పోయే 'టియర్స్' కట్టుబడి గొప్పది, ఇందాక భారం అనుకున్న నిడివే ఇక్కడ బలం.

వీళ్లదే 1996 నాటి 'ఫరెవర్ లవ్' సంగతీ అడుగుతారు. 1998 మేలో బృందం గిటారిస్ట్ హిదె చనిపోయినప్పుడు అంత్యక్రియల్లో వినిపించిన పాట అది. అభిమానులున్న చోట సరదా సాయంత్రం మధ్యలో దాన్ని ఎత్తుకోకపోవడమే మంచిది.