స్కూలు ఎవాల్యుయేషనా, బయట చేయించడమా: ముందు ఏది మేలు?

రెండో క్లాసుకొచ్చినా మావాడు బీ, డీ అక్షరాలు తిరగేసి రాసేవాడు. పుస్తకం తీయగానే బాత్రూమ్ గుర్తొచ్చేది. వీడియో కాల్‌లో అత్తగారు "వాళ్ళ నాన్నా అంతేనమ్మా" అని కొట్టిపారేసేవారు. డాలస్ దగ్గర మేముండే ఊళ్ళో టీచరేమో "ఇంట్లో వేరే భాష కదా, కొన్నాళ్ళు చూద్దాం" అంది. ఆ కొన్నాళ్ళలో ఏడు నెలలు పోయాయి. వాణ్ణి పరీక్షించమని నేను అడిగింది నోటితోనే కాబట్టి రికార్డంటూ ఏమీ లేదు.

ఇక మిగిలినవి రెండు దారులు. స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులు నడిపే సంస్థ) చేత ఎవాల్యుయేషన్, అంటే పిల్లాడికి చదువులో ఇబ్బంది ఏమిటో తేల్చే పరీక్షలు, చేయించడం ఒకటి, డబ్బు కట్టి బయట సైకాలజిస్టుకి చూపించడం రెండోది. మనవాళ్ళలో చాలామంది రెండోదానికే పరిగెడతారు, త్వరగా తేలిపోతుందని.

తేలదు. మంచి సైకాలజిస్టు అపాయింట్‌మెంట్‌కే నెలలు పడుతుంది, ఖర్చు వేల డాలర్లు. చదువుకి సంబంధించిన టెస్టులకు ఇన్సూరెన్స్ చాలాసార్లు ఇవ్వదు. స్కూలు చేసేది ఉచితం, పైగా దానికి గడువులున్నాయి. టెక్సస్‌లో రాతపూర్వకంగా అడిగితే 15 బడి రోజుల్లో అవునో కాదో రాసివ్వాలి. పరీక్షలకు ఒప్పుకుంటూ మనం సంతకం పెట్టాక 45 బడి రోజుల్లో రిపోర్టు రావాలి. మిగతా చాలా రాష్ట్రాల్లో ఫెడరల్ చట్టం ప్రకారం 60 రోజులు.

అసలు తేడా రిపోర్టు బరువులో ఉంది. బయటి రిపోర్టును డిస్ట్రిక్ట్ పరిశీలించి తీరాలి, ఒప్పుకుని తీరాలని లేదు. డాక్టరు జబ్బు పేరు చెబుతాడు. స్కూలు అడిగేది వేరు: ప్రత్యేక విద్యకు సంబంధించిన ఫెడరల్ చట్టంలోని 13 వైకల్య కేటగిరీల్లో దేని కిందికైనా పిల్లాడు వస్తాడా, దానివల్ల ప్రత్యేక బోధన అవసరమా అని. అందుకే వేలు పోసి తెచ్చిన ఫైలు పట్టుకెళ్ళినా మళ్ళీ స్కూలు టెస్టులు తప్పకపోవచ్చు. చిన్న పిల్లలకు ఆటిజం అనుమానం ఉంటే మాత్రం బయటి డాక్టరుకి చూపించడం ఆలస్యం చేయొద్దు, థెరపీకి ఇన్సూరెన్స్ అడిగేది ఆ డాక్టరిచ్చే కాగితాన్నే.

"ఇంట్లో తెలుగు" అన్న సాకు చట్టం ముందు నిలవదు. వీలైనంతవరకు పిల్లల సొంత భాషలో పరీక్షించాలి. మావాణ్ణి "కాకి"లో మొదటి శబ్దం తీసేస్తే ఏం మిగులుతుందిరా అంటే తెలుగులోనూ తెల్లమొహం వేసేవాడు. ఇది ఇంగ్లిష్ సమస్య కాదని నాకు అప్పుడే అర్థమైంది. "చూద్దాం" అన్నా సరే, ట్యూషన్ లాంటి సాయం నడుస్తోందన్న వంకతో ఎవాల్యుయేషన్ ఆపకూడదు. 2004లో టెక్సస్ రాష్ట్రం స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లల సంఖ్య మొత్తం పిల్లల్లో 8.5 శాతం దాటకూడదన్నట్టు గీత గీసుకుంది, 2018లో ఫెడరల్ విద్యాశాఖ అక్షింతలు వేసింది. స్కూలు కావాలనే సాగదీస్తోందేమోనని నాకు అనుమానం ఊరికే రాలేదు!

స్కూలు రిపోర్టు నచ్చకపోతే, బయటి స్వతంత్ర ఎవాల్యుయేషన్‌ను డిస్ట్రిక్ట్ ఖర్చుతోనే అడగొచ్చు. వాళ్ళు డబ్బైనా కట్టాలి, తమది సరైనదేనని విచారణలో నిరూపించుకోనైనా నిరూపించుకోవాలి. ముందే సొంత డబ్బు పెట్టేస్తే అది సాధారణంగా తిరిగి రాదు. అందుకే నా ఓటు ముందు స్కూలుకే.

నేను ప్రిన్సిపాల్‌కీ, డిస్ట్రిక్ట్ స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్‌కీ కలిపి పంపిన ఈమెయిల్ మూడే వాక్యాలు: "మా అబ్బాయికి చదవడంలో ఇబ్బంది ఉంది. అనుమానమున్న అన్ని కోణాల్లో పూర్తి ఎవాల్యుయేషన్ కోరుతున్నాను. ఇంట్లో తెలుగు మాట్లాడతాం." పదకొండో బడి రోజున సంతకం పెట్టమని ఫారం వచ్చింది.