క్వీన్ ‘గ్రేటెస్ట్ హిట్స్’: పదిహేడు పాటల పనితనం

బ్రిటిష్ రాక్ బృందం క్వీన్ 1981లో విడుదల చేసిన ‘గ్రేటెస్ట్ హిట్స్’ నాకు చాలా ఏళ్లుగా పరిచయమున్న ఆల్బమే. అయినా ఈ సమీక్ష రాయడానికి ముందు మరోసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఎక్కడా ఆపకుండా, ఏ పాటనూ దాటవేయకుండా పదిహేడు పాటలూ వరుసగా విన్నాను. దాదాపు గంటసేపు సాగే ఈ సంకలనంలోని పాటల బాణీలు అప్పటికే నోటికి వచ్చినవి కావడంతో, ఈసారి నా ధ్యాసంతా వాటి వెనక ఉన్న పనితనం మీదే నిలిచింది. గొంతు మీద గొంతు పేర్చి, గిటారు మీద గిటారు అల్లి, ఒక్కో క్షణాన్ని చేత్తో చెక్కినట్లు తయారుచేసిన పాటలివి. ఎవరైనా ఈ ఆల్బమ్ కొనాలా వద్దా అని అడిగితే, ఈ పనితనం కోసమే తప్పకుండా కొనమని చెబుతాను.

బ్రిటన్‌లో అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్ ఇదే. అక్కడి అధికారిక చార్టుల లెక్కల్లో 70 లక్షల ప్రతుల మైలురాయిని దాటిన మొదటి ఆల్బమ్‌గా 2022లో ఇది నమోదైంది. ఇందులో 1974 నుంచి 1980 వరకు బృందం విడుదల చేసిన పాటలున్నాయి. పదిహేడింటిలో పది గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ రాసినవి, ఐదు గిటారిస్టు బ్రయాన్ మే రాసినవి, రెండు బేస్ గిటారు వాయించే జాన్ డీకన్ రాసినవి. డ్రమ్మర్ రోజర్ టేలర్ రాసిన పాట ఒక్కటీ లేకపోవడం నాకు లోటుగా తోచింది. ఆయన రాసిన పెద్ద హిట్లు ఆ తర్వాతి సంవత్సరాల్లో వచ్చాయి కాబట్టి అవి 1991 నాటి రెండో సంకలనంలో చేరాయి. అయితే ఆయన గొంతు మాత్రం ఈ ఆల్బమ్ నిండా ఉంది. బృందగానంలో అన్నిటికంటే పైస్థాయిలో, కొంచెం గరుకుగా, పొడవుగా సాగే స్వరం వినిపిస్తే అది ఆయనదే.

మొదటి పాట ‘బొహీమియన్ రాప్సడీ’. 1975లో వచ్చిన ఈ పాట నిడివి 5 నిమిషాల 55 సెకన్లు. రేడియోలో మూడు నిమిషాల పాటలు నడిచే ఆ రోజుల్లో ఇంత పొడవైన పాటను సింగిల్‌గా, అంటే ఆల్బమ్‌తో సంబంధం లేకుండా విడి రికార్డుగా, విడుదల చేయడానికి రికార్డు కంపెనీ వెనకాడింది. రేడియో వ్యాఖ్యాత కెన్నీ ఎవరెట్ తన కార్యక్రమాల్లో రెండు రోజుల వ్యవధిలో 14 సార్లు దాన్ని వినిపించాక పరిస్థితి మారిపోయింది. బ్రిటన్‌లో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది. 1991లో మెర్క్యురీ మరణించిన తర్వాత మళ్లీ విడుదలై మరో ఐదు వారాలు అదే స్థానంలో ఉంది. ఈ పాటకు మామూలు పల్లవి లేదు. గొంతులతో మొదలై, పియానో మీద నడిచే విషాద గీతంగా మారి, గిటారు ఒక్కటే ముందుకొచ్చే సోలో దాటి, ఆపెరాలోకి (పాటలతోనే నడిచే పాశ్చాత్య సంగీత నాటక శైలి) దూకి, అక్కడి నుంచి హోరెత్తే రాక్‌గా పేలి, చివరకు గాంగ్ మోతతో సద్దుమణుగుతుంది.

ఆపెరా భాగాన్ని హెడ్‌ఫోన్స్‌తో వినడం వేరే అనుభవం. ‘గెలీలియో’ అన్న పిలుపు ఒకసారి పైస్థాయిలో వినిపించి, వెంటనే కింది స్థాయిలో బదులొస్తుంది. మాటలు ఒక చెవి నుంచి మరో చెవికి గెంతుతాయి. వందమంది గాయకులున్నారని అనిపించే ఆ భాగాన్ని పాడింది మెర్క్యురీ, మే, టేలర్ ముగ్గురే. అప్పటి టేపు మీద 24 ట్రాకులకే, అంటే విడివిడిగా రికార్డు చేసే 24 వరుసలకే, చోటుండేది. అందువల్ల పాడినవాటిని కలిపి ఒక ట్రాకులోకి దించి, ఖాళీ అయిన చోట మళ్లీ పాడి, దాన్ని మళ్లీ కలిపి, ఇలా మూడు వారాల పాటు పనిచేశారు. టేపు యంత్రంలో అన్నిసార్లు తిరిగి తిరిగి, దాని మీది పూత అరిగిపోయి, వెలుతురుకు ఎదురుగా పడితే అవతలి వైపు కనిపించేదని బ్రయాన్ మే చెబుతుంటారు. కంప్యూటరులో ఒక్క నొక్కుతో వంద గొంతులు సృష్టించగల ఈ కాలంలో వింటున్నప్పుడు కూడా ఆ భాగం ఏమాత్రం పాతబడినట్లు అనిపించదు. బహుశా ప్రతి గొంతులోనూ ఒక మనిషి ఊపిరి ఉండడమే అందుకు కారణం కావచ్చు.

అయినా ఈ ఆల్బమ్‌లో నా మనసుకు అన్నిటికంటే దగ్గరైన పాట అది కాదు. ‘సమ్‌బడీ టు లవ్’. 1976లో వచ్చిన ఈ పాటకు ప్రేరణ అమెరికన్ గాయని అరీథా ఫ్రాంక్లిన్ పాడిన గాస్పెల్ (చర్చి భక్తి) సంగీతమని మెర్క్యురీ చెప్పారు. ఇక్కడ కూడా చర్చి గాయక బృందంలా వినిపించేది ఆ ముగ్గురే. పాట మధ్యలో వాద్యాలన్నీ తప్పుకుని, ఒకే వాక్యం లోగొంతుకలో మొదలై, చప్పట్ల ఆసరాతో తిరిగి తిరిగి వస్తూ, ఒక్కో ఆవృత్తికి ఒక్కో గొంతు చేరుతూ ఉప్పెనలా పెరుగుతుంది. తోడు కోసం దేవుణ్ణి నిలదీసే ఒంటరి మనిషి పాట ఇది. ఆ మనిషి ఒంటరితనాన్ని చెప్పడానికి ఇంత పెద్ద గొంతుల గుంపును వాడుకోవడం నన్ను ప్రతిసారీ కదిలిస్తుంది. మెర్క్యురీ కంఠస్వరం ఎంత ఎత్తుకు వెళ్లగలదో చూపే పాటలు ఇందులో ఇంకా ఉన్నాయి గానీ, అది ఎంత లోతుకు దిగగలదో ఈ పాటే చెబుతుంది.

గిటారు విషయానికొస్తే ‘కిల్లర్ క్వీన్’ దగ్గర ఆగాలి. బృందానికి తొలిసారి అంతర్జాతీయ గుర్తింపు తెచ్చిన ఈ 1974 నాటి పాట చిటికెలతో మొదలవుతుంది. మధ్యలో వచ్చే సోలోలో ఒక గిటారు వరుస ముగియకముందే రెండోది, దాని వెనక మూడోది అందుకుని, గుడిగంటల్లా ఒకదానిమీద ఒకటి మోగుతాయి. ఆ వాద్యం కథ కూడా చెప్పుకోదగినది. బ్రయాన్ మే టీనేజిలో ఉండగా తండ్రితో కలిసి ఇంట్లోనే చేసుకున్న గిటారు అది. దాని మెడ భాగం పాత నిప్పుగూటి చట్రం నుంచి తీసిన కలపతో చేసినది, లోపలి స్ప్రింగులు పాత మోటార్‌సైకిల్‌వి. ప్లాస్టిక్ మీటుకు బదులుగా ఆయన ఆరు పెన్నీల నాణెంతో తీగలు మీటుతారు. నాణెం అంచు తీగను గీరుకునే ఆ చిన్న గరగర, శ్రద్ధగా వింటే, ఎన్నో పాటల్లో స్పష్టంగా పట్టుబడుతుంది.

జాన్ డీకన్ రాసిన రెండు పాటలూ ఒకదానితో ఒకటి పోలిక లేనివి. ‘యు ఆర్ మై బెస్ట్ ఫ్రెండ్’ తన భార్య కోసం రాసుకున్న సున్నితమైన పాట. అందులోని ఎలక్ట్రిక్ పియానో శబ్దం మెర్క్యురీకి నచ్చకపోవడంతో, డీకనే దాన్ని నేర్చుకుని వాయించారు. ఆ మెత్తని, కాస్త బొంగురు శబ్దమే పాటకు ప్రాణమైంది. ‘అనదర్ వన్ బైట్స్ ది డస్ట్’ అందుకు పూర్తిగా భిన్నం. క్వీన్ పాటల్లో సాధారణంగా కనిపించే అలంకారాలన్నీ తీసేసి, బేస్ గిటారు మీద కొన్ని స్వరాలు, పొడిపొడిగా కొట్టిన డ్రమ్స్, వాటి మధ్య బోలెడంత ఖాళీ మిగిల్చారు. 1980లో ఇది అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. పొరలు పేర్చడంలో ఆరితేరిన బృందం, పొరలు వొలిచినప్పుడు కూడా ఇంత బాగా రాణించడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

‘డోంట్ స్టాప్ మీ నౌ’ ఉత్సాహానికి మరో పేరు. పియానో పరుగెడుతుంటే గిటారు సోలో వరకు ఓపిగ్గా వేచి ఉంటుంది. ‘క్రేజీ లిటిల్ థింగ్ కాల్డ్ లవ్’ 1950ల నాటి రాక్ అండ్ రోల్‌కు ముచ్చటైన నివాళి. ‘సేవ్ మీ’ మరింత పేరు రావలసిన పాట. 1978లో ఒకే రికార్డుకు జంటగా వచ్చిన ‘ఫ్యాట్ బాటమ్డ్ గర్ల్స్’, ‘బైసికిల్ రేస్’ పాటలను ఇక్కడ కూడా పక్కపక్కనే ఉంచడం సరైన నిర్ణయం.

లోపాలు లేవని అనను. పాటల వరుసకు కాలక్రమం లేదు. తొలి రోజుల్లో తమ ఆల్బమ్‌ల అట్టల మీద సింథసైజర్లు (ఎలక్ట్రానిక్‌గా శబ్దాలు పుట్టించే వాద్యాలు) వాడలేదని ఈ బృందం గర్వంగా ముద్రించుకునేది. 1980లో ఆ పట్టు సడలింది. ‘ప్లే ది గేమ్’ ఆరంభంలో వినిపించే సింథసైజర్ శబ్దం ఆ మలుపుకు గుర్తు. అయితే దాని తర్వాత, ‘ఫ్లాష్’ కూడా ముగిశాక, 1974 నాటి ‘సెవెన్ సీస్ ఆఫ్ రై’ రావడంతో కొత్త శ్రోతకు ఆ ప్రయాణం అర్థం కాదు. ‘ఫ్లాష్’ ఒక సినిమా కోసం చేసిన పాట. మధ్యమధ్య వచ్చే సినిమా సంభాషణలు ఈ సంకలనం నడకను దెబ్బతీస్తాయి. ఆ చోట ‘లవ్ ఆఫ్ మై లైఫ్’ ఉండి ఉంటే ఎంత బాగుండేదో! గాయకుడు డేవిడ్ బౌవీతో కలిసి పాడిన ‘అండర్ ప్రెషర్’ కూడా 1981లోనే వచ్చినా, బ్రిటిష్ ప్రతిలో దానికి చోటు దక్కలేదు. అమెరికాలో విడుదలైన ప్రతిలో పాటల జాబితా వేరు కాబట్టి, కొనేముందు వెనక అట్ట చూసుకోవడం మంచిది. 1981 నాటి ఎల్‌పీలో ఒక్క రికార్డులోనే ఇన్ని పాటలు సర్దవలసి రావడంతో గాడులు ఇరుకుగా ఉంటాయి. అలాంటప్పుడు శబ్దం కొంత తగ్గడం సహజం. పొరలన్నీ విడివిడిగా వినాలనుకునేవారికి 2011లో రీమాస్టర్ చేసిన (శబ్దాన్ని మళ్లీ మెరుగుపరచిన) ప్రతిని సూచిస్తాను.

చివరి రెండు పాటలు 1977 నాటి ‘వుయ్ విల్ రాక్ యు’, ‘వుయ్ ఆర్ ది ఛాంపియన్స్’. మొదటిదానిలో డ్రమ్స్ లేవు. పూర్వం చర్చికి చెందిన భవనంలో నడిచిన లండన్ స్టూడియోలో చెక్క పలకల మీద కాళ్లతో తొక్కి, చప్పట్లు కొట్టి, ఆ శబ్దాలను రకరకాల ఆలస్యాలతో పదేపదే కలిపారు. భౌతికశాస్త్రం చదువుకున్న మే ఆ ఆలస్యాలను లెక్కగట్టి అమర్చడం వల్ల అది ప్రతిధ్వనిలా కాకుండా, పెద్ద మైదానంలో జనం ఒకేసారి కాలు తాటించినట్లు వినిపిస్తుంది. గిటారు చిట్టచివర్లో మాత్రమే వచ్చి, మోగుతూ మోగుతూ ఠక్కున ఆగుతుంది. ఆ నిశ్శబ్దంలోంచి రెండో పాట పియానో మెల్లగా మొదలవుతుంది. మైదానాల్లో లక్షలమంది ఈ పాట ముగింపులో పాడుకునే ‘ఆఫ్ ది వరల్డ్’ అన్న ఆఖరి మాటలు స్టూడియో రికార్డింగ్ చివర లేనే లేవు. పల్లవి ఆఖరిసారి వచ్చినప్పుడు మెర్క్యురీ ‘ఛాంపియన్స్’ దగ్గరే ఆగిపోతారు, అంతటితో ఆల్బమ్ ముగుస్తుంది. ఇన్నేళ్లుగా వింటున్నా, రాని ఆ మాటలను ప్రతిసారీ నేనే పూర్తి చేసుకుంటాను.