కేబీఆర్ పార్కా, కొత్తగూడ బొటానికల్ గార్డెనా?

హైదరాబాద్ పశ్చిమాన ఉండేవాళ్లకు పొద్దున్నే నడవడానికి రెండు పెద్ద పచ్చని చోట్లున్నాయి. రెండింటికీ మాజీ ముఖ్యమంత్రుల పేర్లే: ఒకటి కాసు బ్రహ్మానందరెడ్డి, రెండోది కోట్ల విజయభాస్కరరెడ్డి.

జూబ్లీహిల్స్‌లోని కేబీఆర్ దాదాపు 390 ఎకరాల అడవి. 1998లో జాతీయ పార్కుగా ప్రకటించారు. లోపల నిజాం కుటుంబానికి చెందిన చిరాన్ ప్యాలెస్ ఉంది. ఇక్కడ ఎవరూ తీర్చిదిద్దని పొదలు, బండరాళ్లు, నెమళ్లు. ఎండాకాలంలో ఆకులు రాలి బోసిగా కనిపిస్తుంది, కానీ తొలకరి పడగానే చూడాలి దాని అందం! 2016లో చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టే ప్రతిపాదన వస్తే జనం రోడ్డెక్కారు. ఆ ప్రేమ ఊరికే రాదు. ఒక్క ఇబ్బంది, మధ్యాహ్నం మూసేస్తారు.

కొండాపూర్ పక్కనున్న బొటానికల్ గార్డెన్ దాదాపు 270 ఎకరాలు. వెదురు, తాటిజాతి, ఔషధ మొక్కలకు వేర్వేరు విభాగాలున్నాయి. పిల్లలకు చెట్ల పేర్లు నేర్పాలంటే ఇదే మేలు. ఐటీ ఆఫీసులకూ దగ్గర.

నా ఓటు మాత్రం కేబీఆర్‌కే. తోటను మళ్లీ వేసుకోవచ్చు, నగరం నడిబొడ్డున అలాంటి అడవిని ఎవరు పెంచగలరు?