రోడోపీ కొండల్లో గుర్రపు స్వారీ యాత్రకు డబ్బు కట్టబోయేవారికి ఒక హెచ్చరిక

బల్గేరియాలోని రోడోపీ కొండల్లో గైడ్‌తో కూడిన గుర్రపు స్వారీ యాత్ర బుక్ చేసుకోవాలని ఆలోచిస్తున్న తెలుగువారు, ముఖ్యంగా జర్మనీ, నెదర్లాండ్స్, ఐర్లాండ్ వంటి చోట్ల ఉంటూ తక్కువ ఖర్చుతో బాల్కన్ దేశాలు చూడాలనుకుంటున్నవారు, అడ్వాన్స్ పంపే ముందు దయచేసి దీన్ని పూర్తిగా చదవండి. గత వేసవిలో మా కుటుంబం, హైదరాబాద్ నుంచి వచ్చిన మిత్రుడి కుటుంబం కలిసి వెళ్ళిన యాత్రలో ఆ మిత్రుడు గుర్రం మీద నుంచి పడి భుజం దగ్గర కాలర్ బోన్ విరగ్గొట్టుకున్నాడు. నిర్వాహకులపై మా ఫిర్యాదు ఇంకా నడుస్తున్నందున వారి పేరు ఇక్కడ రాయడం లేదు. అయినా ఆ ఒక్క పేరు తెలుసుకుని తప్పించుకున్నంత మాత్రాన ప్రమాదం తొలగిపోదు. ఇదే పద్ధతిలో నడిచే యాత్ర వేరే పేరుతో, వేరే లోయలో ఎదురుకావచ్చు. అందుకే ఏం చూసి అనుమానించాలో వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ ప్రాంతం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. స్ప్రూస్, పైన్ అడవులు, గడ్డి మైదానాలు, రాతి పలకల కప్పులతో ఉన్న ఇళ్ళు, ట్రిగ్రాడ్ దగ్గర నిటారుగా లేచిన పాలరాతి లోయ, ఇవన్నీ ఫోటోలలో ఎంత అందంగా కనిపిస్తాయో అంత అందంగానూ ఉన్నాయి. మేము బస చేసిన ఇంటావిడ, మేము మాంసం తినమని తెలిసి, బంగాళదుంప తురుములో ఉల్లిపాయ, పుదీనా జాతి ఆకు కలిపి పెనం మీద మందంగా కాల్చే పటాట్నిక్ అనే అక్కడి వంటకాన్ని ప్రేమగా చేసి పెట్టారు. మోసం జరిగింది ఆ ఊళ్ళలో కాదు, ఆ ఊళ్ళ పేరు చెప్పి డబ్బు తీసుకున్న చోట.

మాకు ఈమెయిల్‌లో రాసి ఇచ్చిన హామీలు ఇవి: గుంపులో ఆరుగురికి మించి ఉండరు, ముందొకరు వెనకొకరు చొప్పున ఇంగ్లీషు మాట్లాడే ఇద్దరు గైడ్లు ఉంటారు, స్వారీ కొత్తవారికి నెమ్మదైన గుర్రాలు ఇస్తారు, హెల్మెట్లు వారే సమకూరుస్తారు. అక్కడికి వెళ్ళాక చూస్తే గుంపులో పదకొండు మంది ఉన్నారు, గైడ్ ఒక్కరే. ఆయనకు బల్గేరియన్ తప్ప మరో భాష రాదు. హెల్మెట్లలో కొన్ని సైకిల్ తొక్కేవారు పెట్టుకునేవి, కొన్నింటికి గడ్డం కింద బిగించే క్లిప్పు విరిగిపోయింది. స్వారీ హెల్మెట్ లోపల ఈఎన్ 1384 లేదా వీజీ1 అనే యూరోపియన్ ప్రమాణపు ముద్ర ఉండాలి. సైకిల్ హెల్మెట్‌ను గుర్రం మీద నుంచి పడే దెబ్బను దృష్టిలో పెట్టుకుని తయారుచేయరు కాబట్టి అది ఉన్నా రక్షణ ఉన్నట్టు కాదు.

అయితే ఈ లోపాలన్నిటికంటే ముందుగా, అసలు నిజాన్ని మాకు చెప్పినవి గుర్రాలు. మిత్రుడి భార్య తిరుపతిలో పశువైద్యం చదివినవారు. మొదటి ఉదయం జీన్లు వేయకముందే ఆవిడ కొట్టంలోకి వెళ్ళి ఒక్కొక్క గుర్రం వీపు మీద అరచేతితో మెల్లగా నొక్కుతూ వచ్చారు. మూడో గుర్రం దగ్గర, ముదురు గోధుమరంగు ఆడగుర్రం అది, చెయ్యి మూపు దగ్గరకు రాగానే వీపు కిందికి కుంగదీసుకుని, చెవులు వెనక్కి వాల్చి, పక్కకు జరిగిపోయింది. "అన్నయ్యగారూ, ఇలా వచ్చి ఇది చూడండి" అని పిలిచారు. మూపు మీద రూపాయి బిళ్ళంత మేర వెంట్రుకలు ఊడి ఎర్రటి పుండు, దాని చుట్టూ తెల్లబడిన వెంట్రుకలు. ముదురు రంగు గుర్రానికి జీను ఆనే చోట అలా తెల్ల మచ్చలు ఉన్నాయంటే, సరిపోని జీను ఒకసారి కాదు, పదే పదే ఒరిసి లోపలి చర్మం దెబ్బతిన్నదని అర్థమని ఆవిడ వివరించారు. ముందు కాళ్ళ వెనక, పొట్ట కింద పట్టీ బిగించే చోట కూడా చర్మం ఒరుసుకుపోయి ఉంది. ఒక గుర్రానికి లాడం మేకుల కొసలు డెక్క బయటికి పొడుచుకొచ్చాయి. లాడం వదులైపోయిందనడానికి అది గుర్తు. గుర్రాల డెక్కలను సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి చెక్కి లాడాలు సరిచూడాలి. అక్కడ ఆ పని జరిగి చాలా కాలమైనట్టు డెక్కలు ముందుకు సాగి ఉన్నాయి.

ఆవిడ ఆ ఆడగుర్రాన్ని చూపించి దానికి జీను వేయవద్దని చేతులు జోడించి మరీ అడిగారు. కొట్టం చూసుకునే మనిషి పుండు మీద మడత పెట్టిన గుడ్డ ఒకటి వేసి, దాని మీదే జీను వేసి బిగించాడు. పుండు మీద మెత్త వేస్తే నొప్పి పోదు, ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఆవిడ ఆ గుర్రం ఎక్కలేదు. యాత్ర అంతటా సామాను మోసే వాహనంలోనే వచ్చారు. దానికి డబ్బు వాపసు ఇవ్వలేదు సరికదా, ఆ గుర్రాన్ని విశ్రాంతికి వదలకుండా వేరొకరిని ఎక్కించారు. దీన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు కోపం కంటే బాధే ఎక్కువ కలుగుతుంది. నోరు లేని జీవానికి నొప్పి పుడుతోందని ఎదుటే చెబుతున్నా పట్టించుకోని వారు, దాని మీద కూర్చున్న మనిషి క్షేమం పట్టించుకుంటారని ఆశించడానికి కారణమేదీ లేదు. ఆ తర్వాత జరిగిన ప్రతి సంగతీ ఆ ఉదయం కొట్టంలో కనిపించినదానికి కొనసాగింపే.

బరువు విషయం కూడా ఇందులో భాగమే. బుకింగ్ సమయంలో మా బరువులు ఎవరూ అడగలేదు. మనిషి, జీను కలిపి గుర్రం సొంత బరువులో ఐదో వంతు, అంటే ఇరవై శాతం దాటకూడదన్నది చాలాచోట్ల పాటించే లెక్క. కొండ గుర్రం నాలుగు వందల కిలోలు ఉందనుకుంటే ఎనభై కిలోలు. అందులో జీనుకే పది కిలోల వరకు పోతాయి కాబట్టి మనిషి డెబ్భై కిలోల లోపు ఉండాలి. మా మిత్రుడి బరువు తొంభైకి దగ్గర. అతనికి ఇచ్చింది ఆ కొట్టంలోని చిన్న గుర్రాలలో ఒకటి. రాళ్ళున్న పల్లపు దారిలో అంత బరువుతో దిగే గుర్రానికి కాలు తడబడితే నిలదొక్కుకోవడం కష్టం. బరువు అడగని నిర్వాహకులు మీకు ఏ గుర్రం ఇవ్వాలో ఆలోచించలేదనే అర్థం.

ప్రమాదం ఎలా జరిగిందో చెబుతాను. జీను బిగించేటప్పుడు చాలా గుర్రాలు పొట్ట బిగబట్టి ఉబ్బిస్తాయి. కాసేపు నడిచాక పొట్ట పట్టీ వదులవుతుంది కనుక, బయల్దేరిన పది పదిహేను నిమిషాలకు గుంపును ఆపి ప్రతి ఒక్కరి పట్టీనీ మళ్ళీ బిగించడం గైడ్ చేయవలసిన మొదటి పని. మాకు ఆ పని ఏ రోజూ జరగలేదు. ఒక గడ్డి మైదానంలో మిత్రుడు తన జీను పట్టీ వైపు వేలు చూపించి, బిగుతుగానే ఉందా అని సైగ చేశాడు. గైడ్ తల ఒక్కసారి పైకి ఎగరేసి, ముందున్న గుర్రాల వైపు వెళ్ళిపోయాడు. బల్గేరియాలో తల అడ్డంగా ఊపితే ఔనని, పైకి ఎగరేస్తే కాదని అర్థం. పట్టీ బిగుతుగా లేదని ఆయన చెప్పాడు. ఫరవాలేదన్నాడని మిత్రుడు అనుకున్నాడు. ఇంగ్లీషు తెలిసిన గైడ్‌ను ఇస్తామన్న హామీ ఎందుకు ముఖ్యమో ఆ ఒక్క సైగతో తేలిపోయింది.

ఆ తర్వాత అడవి అంచున గొర్రెల మంద కనిపించింది. బల్గేరియా కొండల్లో మందలను కాచే కరకచాన్ జాతి కుక్కలు తోడేళ్ళను, ఎలుగుబంట్లను ఎదుర్కోవడానికి పెంచినవి. కొత్తవారు మందకు దగ్గరైతే అవి మొరుగుతూ ఎదురొస్తాయి. తెలిసిన గైడ్ అయితే గుంపును దగ్గరగా చేర్చి, ఆగి, కాపరి కుక్కలను పిలిచే వరకు కదలనివ్వడు. మా గైడ్ ముందెక్కడో ఉన్నాడు. వెనక ఎవరూ లేరు. గుంపు దారి పొడవునా చెదిరిపోయి ఉంది. కుక్కలు రాగానే మిత్రుడి గుర్రం బెదిరి పక్కకు దూకింది, వదులైన జీను పొట్ట వైపు జారిపోయింది, అతను భుజం మీద పడ్డాడు. రికాబులో కాలు ఇరుక్కోకపోవడం మా అదృష్టం. కుక్కలను వెనక్కి పిలిచింది, ఫోన్ సిగ్నల్ దొరికే గట్టు మీదికి పరుగెత్తి 112కు ఫోన్ చేసింది ఆ కాపరి. గైడ్ దగ్గర ప్రథమ చికిత్స పెట్టె లేదు, శాటిలైట్ ఫోన్ గానీ వాకీటాకీ గానీ లేవు. ఆసుపత్రిలో వైద్యులు శ్రద్ధగానే చూశారు.

ఇక డబ్బు సంగతి. మిత్రుడు షెంగెన్ వీసా కోసం, నిబంధన ప్రకారం కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే బీమా తీసుకుని వచ్చాడు. క్లెయిమ్ పెడితే, గుర్రపు స్వారీ సాహస క్రీడల మినహాయింపు కిందికి వస్తుందని తిరస్కరించారు. వీసాకు సరిపోయే పాలసీ స్వారీకి సరిపోతుందనుకోవద్దు. పాలసీ పత్రంలో గుర్రపు స్వారీ అనే మాట, గైడ్‌తో చేసే స్వారీ అయినా సరే, కవరవుతుందని రాసి ఉండాలి, లేదా కంపెనీ నుంచి ఈమెయిల్‌లో నిర్ధారణ తెప్పించుకోవాలి. జర్మనీలో ఉండే మనవారికి ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు వెనక ఉండే యూరోపియన్ కార్డు బల్గేరియా ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేస్తుంది గానీ, కొండల్లో రక్షణ బృందం ఖర్చునూ స్వదేశానికి తరలించే ఖర్చునూ భరించదు. వాటికి విడిగా ప్రయాణ బీమా కావాలి.

నిర్వాహకులు మాత్రం, మొదటి ఉదయం కొట్టం దగ్గర మాతో సంతకం పెట్టించుకున్న బల్గేరియన్ భాషా పత్రాన్ని చూపించి, ప్రమాదాలకు బాధ్యత మాది కాదని అందులో ఉందన్నారు. ఇది చూసి ఎవరూ వెనక్కి తగ్గవద్దు. బస, స్వారీ, రవాణా కలిపి ఒకే ధరకు అమ్మిన యాత్ర యూరోపియన్ యూనియన్ 2015/2302 ప్యాకేజీ ట్రావెల్ డైరెక్టివ్ అనే చట్టం కిందికి వస్తుంది. చెప్పిన సేవలు చెప్పినట్టు అందించే బాధ్యత నిర్వాహకులదే, పనిని వేరే కొట్టానికి అప్పగించినా సరే. లోపం ఉంటే ధర తగ్గింపు అడిగే హక్కు ఉంది. కష్టంలో ఉన్న యాత్రికుడికి ఆలస్యం చేయకుండా సాయం చేయాలి. శరీరానికి కలిగిన గాయం విషయంలో తమ బాధ్యతను ఒప్పందంలో పరిమితం చేసుకోవడం చెల్లదు, ఆ హక్కులు వదులుకుంటున్నానని మీతో సంతకం పెట్టించుకున్నా అది మిమ్మల్ని కట్టిపడేయదు. క్లెయిమ్ పెట్టడానికి గడువు రెండేళ్ళకు తగ్గకూడదు. కాకపోతే లోపం కనబడగానే నిర్వాహకులకు తెలియజేయాలన్న బాధ్యత మన మీద ఉంది. మేము గుర్రాల పుండ్లు, హెల్మెట్లు, గుంపు పరిమాణం చూపించే ఫోటోలను తేదీలతో సహా అదే సాయంత్రం రాతపూర్వకంగా పంపాము. ఇప్పుడు మా ఫిర్యాదుకు ఆధారం అవే. యూరప్‌లో నివసించేవారు తమ దేశంలోని యూరోపియన్ కన్స్యూమర్ సెంటర్‌ను ఉచితంగా సంప్రదించవచ్చు. జర్మనీ వారికి అది కేల్ పట్టణంలో ఉంది. బల్గేరియాలో వినియోగదారుల రక్షణ కమిషన్ ఉంది.

కాబట్టి బుక్ చేసేటప్పుడు, బల్గేరియా పర్యాటక మంత్రిత్వ శాఖ రిజిస్టర్‌లో నిర్వాహకుల నమోదు సంఖ్య ఎంత, చట్టప్రకారం టూర్ ఆపరేటర్‌కు ఉండవలసిన బాధ్యతా బీమా ఏ కంపెనీది అని మొదటి ఈమెయిల్‌లోనే అడగండి. నిజాయితీగా నడిపేవారు ఆ వివరాలు వెంటనే పంపుతారు. గైడ్ ఎవరు, ఏ భాష మాట్లాడతారు, గుంపు వెనక ఎవరు ఉంటారు, స్వారీ చేసేవారి బరువుకు పరిమితి ఎంత, గుర్రాలకు వారంలో ఎన్ని రోజుల విశ్రాంతి, జీను లేకుండా వీపు కనిపించే ఫోటోలు పంపగలరా అని అడగండి. వ్యక్తిగత ఖాతాకు బదిలీ, అక్కడికి వచ్చాక రశీదు లేని నగదు అడిగితే ఒప్పుకోవద్దు. 2026 జనవరి 1 నుంచి బల్గేరియాలో యూరోనే చెలామణిలో ఉంది కనుక అక్కడి పాత కరెన్సీ లెవా మారకం పేరుతో అదనంగా అడిగే సాకు కూడా ఇక చెల్లదు. క్రెడిట్ కార్డుతో కడితే కనీసం చార్జ్‌బ్యాక్, అంటే బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి అడిగే దారి ఉంటుంది.

ఇప్పటికే అడ్వాన్స్ కట్టి ఉంటే, పైన చెప్పిన ప్రశ్నలను ఈ వారమే రాసి పంపండి. బయల్దేరకముందే గుంపు పరిమాణం, గైడ్ల సంఖ్య వంటి ముఖ్యమైన హామీలను వారు గణనీయంగా మార్చినా, ధరను ఎనిమిది శాతానికి మించి పెంచినా, రుసుము లేకుండా రద్దు చేసుకుని కట్టినదంతా వెనక్కి అడిగే హక్కు ఆ డైరెక్టివ్ మీకు ఇస్తుంది. వెళ్ళాక మాత్రం మొదటి ఉదయం జీను వేయకముందే కొట్టానికి వెళ్ళి వీపు, పొట్ట పట్టీ చోటు, డెక్కలు చూడండి. పుండు కనిపిస్తే ఆ గుర్రం ఎక్కవద్దు, మీ బదులు వేరొకరు ఎక్కకుండా కూడా అడ్డుపడండి.