గోపాల్‌పూర్ నుంచి జిరంగ్ దాకా, ఒక ఫోన్ ఆట వెంట

డిసెంబరు సెలవులకి విశాఖ నుంచి అక్క, బావగారు, వాళ్ల పాప ఒడిశా బరంపురంలోని మా ఇంటికి వచ్చారు. పాపకి తొమ్మిదేళ్లు, మా బాబుకి పన్నెండు. వచ్చిన గంటకే పిల్లలిద్దరూ చెరో ఫోను పట్టుకుని మంచమెక్కారు. అక్క కోప్పడింది. బావగారు మాత్రం "ఫోను లాక్కుంటే ఏడుపులే కదా, ఆ ఫోను చూపించే బయటికి లాగుదాం" అన్నారు. పోకెమాన్ గో ఆట 2016 డిసెంబరులో మన దేశానికి వచ్చినప్పటి నుంచి ఆయన ఆడుతున్నారు. అలా ముందు అనుకున్న మూడు రోజుల తిరుగుడుకి ఈ ఆట తోడైంది. మాతోపాటు మా మావయ్యగారు కూడా బయల్దేరారు, ఆయనకి అరవై ఏడు, షుగరు ఉంది, రోజూ నడవమని డాక్టరు చెప్పినా వీధి చివరి దాకా వెళ్లి తిరిగొచ్చేస్తారు. పెద్దవాళ్లకీ పిల్లలకీ ఇలాంటి ఆటల వల్ల ఏమైనా లాభముందా అని నన్ను చాలామంది అడిగారు కాబట్టి వెళ్లిన చోట్లతో కలిపి చెబుతున్నాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఈ ఆటలో మనం నిజంగా నడిస్తేనే ఫోన్‌లోని బొమ్మ కదులుతుంది, దారిలో తెర మీద కనబడే పోకెమాన్‌లనే వింత జంతువుల్ని పట్టుకోవాలి. గుడి, విగ్రహం, పార్కు, పాత కట్టడం లాంటి చోట్ల ఆటకి కావాల్సిన వస్తువులిచ్చే స్టాపులుంటాయి, సుమారు 80 మీటర్ల దగ్గరికి వెళ్తే అందుతాయి. గుడ్లు కూడా ఇస్తారు, రెండు కిలోమీటర్లది, అయిదుది, పదిది, అంత దూరం నడిస్తే గుడ్డు పగిలి లోపలున్నది బయటికొస్తుంది. కారులో వేగంగా పోతే ఆ దూరం లెక్కలోకి రాదు, అది నాకు బాగా నచ్చిన ఏర్పాటు. ఈ స్టాపుల్లో చాలా వరకు, దీన్ని తయారుచేసిన నయాంటిక్ కంపెనీ 2012లో మొదలుపెట్టిన ఇంగ్రెస్ అనే ఆటలో ఆటగాళ్లే ఫొటోలు తీసి పంపిన చోట్ల నుంచి వచ్చాయి. అందుకే ఆడేవాళ్లున్న ఊళ్లో మ్యాపు నిండుగా ఉంటుంది, లేని ఊళ్లో ఖాళీగా కనిపిస్తుంది. మేము పడమటికి పోయే కొద్దీ ఈ తేడా బాగా తెలిసొచ్చింది.

ముందే చెప్పేస్తాను, బరంపురం బజారు వీధుల్లో పిల్లలతో ఈ ఆట వద్దు. నడవడానికి పక్కన చోటుండదు, బైకులు ఎదురు దారిలోంచి వచ్చేస్తాయి. బయల్దేరే ముందు రోజు సాయంత్రం ఇంటి దగ్గర పావుగంట ఆడి చూశాం, బాబు తెర మీంచి కళ్లెత్తకుండా ఒక ఆటోకి అడ్డం వెళ్లాడు, డ్రైవరు సమయానికి బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. నా గుండె ఇప్పటికీ అదురుతుంది తలుచుకుంటే. అక్కడే మా నియమం పుట్టింది: మొత్తం గుంపుకి ఒకటే ఫోను, అది పెద్దవాళ్ల చేతిలోనే, పిల్లలు ముందు నడుస్తూ దారి చూపాలి, ఏదైనా దగ్గరికొస్తే ఫోను వణుకుతుంది కాబట్టి తెరనే చూస్తూ నడవక్కర్లేదు, వణికినప్పుడు ఒక పక్కకి జరిగి ఆగి చూడాలి. ఆ తర్వాత మూడు రోజులూ ఈ ఒక్క నియమమే మమ్మల్ని కాపాడింది.

మర్నాడు పొద్దున్నే గోపాల్‌పూర్. బరంపురం నుంచి పదహారు కిలోమీటర్లు, ఆటోలూ బస్సులూ దొరుకుతాయి, మేము ఆరుగురం కాబట్టి మూడు వందలకి పెద్ద ఆటో మాట్లాడుకున్నాం. ఈ ఆటకి ఇంతకంటే మంచి చోటు మా వైపు నాకు తెలియదు. తీరం వెంట నడవడానికి చోటుంది, సముద్రం ఒడ్డున బండ్లు ఉండవు, లైట్‌హౌస్ కనబడుతూనే ఉంటుంది కాబట్టి దారి తప్పే భయం లేదు. లైట్‌హౌస్ దగ్గరొక స్టాపు, పాత రేవు వైపు ఇంకొకటి అందాయి. పిల్లలు ఆ రెండో దాని కోసం గబగబా నడిచి వెళ్లి చూస్తే అక్కడ ఇసుకలో పాత స్తంభాలు తప్ప ఏమీ లేవు. "ఇదేంటి తాతయ్యా, విరిగిపోయిందా?" అని పాప అడిగింది.

మావయ్యగారు ఇసుకలో కూర్చుని చెప్పడం మొదలుపెట్టారు. ఒకప్పుడు ఇక్కడి నుంచి రంగూన్‌కి ఓడలు వెళ్లేవని, గంజాం జిల్లా నుంచి కూలికి బర్మా పోయినవాళ్లు ఈ రేవులోనే ఎక్కేవారని, ఆయన తాతగారు కూడా అలాగే వెళ్లి రెండేళ్లకి తిరిగొచ్చారని. ఈ ఇంటికి కోడలిగా వచ్చి పద్నాలుగేళ్లయింది, ఈ సంగతి నేనూ మొదటిసారే విన్నాను. ఆట మమ్మల్ని స్తంభాల దాకా తీసుకెళ్లింది, అక్కడేం జరిగిందో ఆటలో రెండు మాటల పేరు తప్ప ఏమీ లేదు. పక్కన చెప్పే మనిషి ఉన్నాడు కాబట్టి పిల్లలకి ఆ చోటు గుర్తుండిపోయింది. మా బాబు ఇంటికొచ్చాక అట్లాసు తీసి రంగూన్ ఎక్కడుందో వెతికాడు.

నీళ్ల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. గోపాల్‌పూర్ సముద్రం పైకి నెమ్మదిగానే ఉన్నట్టుంటుంది, లోపల లాగుడు ఎక్కువ. ఒడియావాళ్లు నోలియాలని పిలిచే ఇక్కడి జాలర్లు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన మా బాబుని చూసి, "బాబూ, కెరటం వైపు చూడు, లోనకి లాగేస్తాది" అన్నారు. నేను పొద్దుట్నుంచీ చెబుతున్నది వినని వాడు ఆయన మాటకి వెంటనే విన్నాడు. ఇంకొక మాట, ఫిబ్రవరి, మార్చి నెలల్లో రుషికుల్య నది ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలకొద్దీ వచ్చి గుడ్లు పెడతాయి. అప్పుడూ, ఆ తర్వాత నెలన్నరకి పిల్లలు బయటికొచ్చేటప్పుడూ రాత్రిపూట ఆ ఒడ్డున ఫోను అసలు తీయకండి, గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వెలుతురు ఎటుంటే అటు పాకుతాయి, సముద్రం వైపు వెళ్లాల్సినవి దారి తప్పుతాయి.

బస సంగతి. ఒడ్డుకి దగ్గర్లో ఒక హోటల్లో రెండు గదులు, ఒక్కోటి 2,200. దుప్పట్లు శుభ్రం, పనివాళ్లు మంచివాళ్లు, పొద్దున టిఫినులో ఇడ్లీ, ఉప్మాతోపాటు పెట్టిన ఘుగుని అనే బఠాణీ కూర చాలా బాగుంది. కానీ రాత్రి రెండున్నర గంటలు కరెంటు పోయింది, జనరేటరు మీద ఫ్యానూ లైటూ తప్ప ప్లగ్గులు పనిచేయవని అప్పుడు చెప్పారు. లొకేషనూ, తెరా, ఇంటర్నెట్టూ మూడూ ఒకేసారి నడిచే ఆట ఇది, పూటలో ఛార్జింగు ఖాళీ అవుతుంది. తెల్లారేసరికి నాలుగు ఫోన్లూ ఎర్ర గీతలో ఉన్నాయి. అందులో ఒకటి కారు అద్దె మాట్లాడిన నంబరు ఉన్న ఫోను, దాంతో ఎక్కడలేని టెన్షన్. గది తీసుకునే ముందు కరెంటు పోతే ప్లగ్గులు పనిచేస్తాయా అని అడగండి, పవర్ బ్యాంకు ఆట కోసమైనా కాకపోయినా పెట్టుకోండి.

రెండో రోజు కారు. రోజుకి డీజిలుతో కలిపి 3,500, డ్రైవరుకి తెలుగూ ఒడియా రెండూ వచ్చు. ముందు తారాతారిణి కొండ. 999 మెట్లున్నాయి, రోప్‌వే కూడా ఉంది. పది కిలోమీటర్ల గుడ్డు మీద ఆశతో పిల్లలు మెట్లే ఎక్కుతామన్నారు, మావయ్యగారూ అక్కా రోప్‌వేలో వచ్చారు. నిజం చెప్పాలంటే ఆ గుడ్డు లేకపోతే మా వాడు నూరో మెట్టు దగ్గరే కూర్చునేవాడు. పైన గుళ్లో ఫోను సంచిలో పెట్టేశాం. పై నుంచి రుషికుల్య నది వంపు తిరిగి కనబడుతుంటే పిల్లలు ఫోను అడగలేదు.

అక్కడి నుంచి జౌగడ. ఆటలో ఆ చుట్టుపక్కల మ్యాపు దాదాపు ఖాళీ. ఇది ముందే ఊహించి బావగారు తన ఆట ఒకటి తయారుచేసుకొచ్చారు, మూడు రోజుల్లోకీ పిల్లలు ఎక్కువ ఆనందించింది దాన్నే. జియోకాషింగ్ అని ఒక ఆట ఉంది కదా, ఎవరో ఒక డబ్బా దాచి దాని అక్షాంశ రేఖాంశాలు చెబుతారు, మిగతావాళ్లు జీపీఎస్‌తో వెతుకుతారు. అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాల్లో కావాలని పెట్టిన తప్పుని 2000 మే మొదట్లో తీసేసింది, వెంటనే మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒరెగాన్‌లో మొదటి డబ్బా దాచాడు, ఆట అలా పుట్టింది. మా దారిలో అలాంటివి ఒక్కటీ కనిపించలేదు, అందుకని మేమే దాచుకున్నాం. జీపీఎస్‌కి ఉపగ్రహాలు చాలు, సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది, మ్యాపు ముందు రోజే డౌన్‌లోడ్ చేసుకుంటే సరి. అక్షాంశంలో చుక్క తర్వాత నాలుగో అంకె మారితే నేల మీద సుమారు 11 మీటర్లు తేడా వస్తుంది, ఆకాశం బాగా కనబడే చోట ఫోను 5 మీటర్ల లోపు చూపిస్తుంది. పిల్లలకి ఇది లెక్కల పుస్తకంలో చెబితే తలకెక్కదు, డబ్బా వెతికేటప్పుడు రెండు నిమిషాల్లో ఎక్కింది.

జౌగడలో అశోకుడి శాసనాలు చెక్కిన బండ ఉంది, క్రీస్తుపూర్వం మూడో శతాబ్దానిది, పైన కప్పు, చుట్టూ ఇనుప కటకటాలు. అది రక్షిత కట్టడం కాబట్టి అక్కడ డబ్బా దాచడం తప్పు. బావగారు ప్రశ్న మాత్రమే అడిగారు: పద్నాలుగు శాసనాల్లో ఇక్కడ చెక్కని నంబర్లేవి? జవాబులోని అంకెలు లొకేషన్ చివర్లో పెట్టుకోవాలి. జవాబు 11, 12, 13. మిగతా చోట్ల ఉన్న ఆ మూడూ ఇక్కడా భువనేశ్వర్ దగ్గరి ధవుళిలోనూ లేవు, వాటి బదులు కళింగవాసుల కోసం వేరే శాసనాలు రెండు చెక్కించారు. పదమూడోది కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చిపోయారని, లక్షన్నర మందిని తరలించుకుపోయారని అశోకుడు బాధపడుతూ చెప్పిన శాసనం. "ఎవర్ని చంపాడో వాళ్ల ఊళ్లోనే ఆ మాట రాయలేదా?" అని బాబు అడిగాడు. మేం పెద్దవాళ్లం కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ కొత్త అంకెలు మమ్మల్ని ఊళ్లో ఒక టీ కొట్టు దగ్గరికి తీసుకెళ్లాయి, పొద్దున ఫోన్లో మాట్లాడి డ్రైవరు తన చుట్టానిదైన ఆ కొట్లో డబ్బా పెట్టించాడట, కొట్టాయన పిల్లల చేత ఒడియాలో అడిగించుకుని మరీ ఇచ్చాడు. అందులో రెండు పెన్సిళ్లూ ఒక చిన్న పుస్తకమూ. పాప దాన్ని రాత్రి దిండు కింద పెట్టుకుని పడుకుంది.

మూడో రోజు తప్తపాణి, జిరంగ్. తప్తపాణి బరంపురం నుంచి యాభై కిలోమీటర్లు, గంధకం వాసన వేసే వేడినీటి ఊట, పక్కనే పర్యాటక శాఖ బస పంథనివాస్ ఉంది, సెలవుల్లో గదులు ముందే బుక్ చేసుకోవాలి, మేము ఉండలేదు. ఘాట్ ఎక్కాక సిగ్నల్ పోయింది, ఆట ఆగిపోయింది, ఎవరూ బాధపడలేదు. జిరంగ్ దగ్గర పద్మసంభవ మహావిహారం అనే బౌద్ధ మఠం చూడదగ్గది, 1963 నుంచి ఇక్కడ ఉంటున్న టిబెటన్లు కట్టుకున్నది, 2010లో దలైలామా ప్రారంభించారు. లోపల ప్రార్థన జరుగుతుంటే నలుగురు కుర్రాళ్లు ఫోన్లు ఎత్తిపట్టుకుని గట్టిగా మాట్లాడుతూ తిరిగారు, నాకు చాలా కష్టమనిపించింది. ఇలాంటి చోట ఆట తెరవకూడదు, మా పిల్లలకి ముందే చెప్పాను, వాళ్లు ప్రార్థన చక్రాలు తిప్పుకుంటూ తిరిగారు. బయట తిన్న మోమోలు వేడివేడిగా బాగున్నాయి.

ఇక నా అభిప్రాయం. పెద్దవాళ్లకి ఈ ఆట పనికొస్తుందని నేను గట్టిగా చెబుతాను. మావయ్యగారి ఫోన్‌లో బావగారు ఆట పెట్టి, యాప్ మూసి ఉన్నా అడుగులు లెక్కపెట్టే సెట్టింగు వేసిచ్చారు. వారంలో 5, 25, 50 కిలోమీటర్లు దాటితే సోమవారం ఏదో బహుమతి ఇస్తుంది. ఆయనకి ఆ బొమ్మల పేర్లు ఒక్కటీ తెలియదు, కానీ 25 దాటాలని సాయంత్రాలు తానే చెప్పులేసుకుంటున్నారు. పిల్లల విషయంలో మాత్రం పక్కన పెద్దవాళ్లు నడిస్తేనే ఇవ్వండి, ఒంటరిగా వీధిలోకి పంపే ఆట కాదిది. ఫోన్‌లో కొనుగోళ్లకి పాస్‌వర్డు పెట్టండి, ఆటలో వాడే నాణేలు డబ్బుతో కొనమని అడుగుతూనే ఉంటుంది, ఆడుతూ సంపాదించేది రోజుకి 50 కంటే రాదు. అందరూ మర్చిపోయే ఇంకో సంగతి: స్నేహితులకి పంపే బహుమతి మీద అది ఏ స్టాపులో దొరికిందో పేరూ ఫొటో ఉంటాయి, రోజూ పంపితే పిల్లలు ఎక్కడ తిరుగుతారో తెలియనివాళ్లకి తెలిసిపోతుంది. మా బాబు జాబితాలో ఇప్పుడు చుట్టాలు తప్ప ఎవరూ లేరు, ముక్కూ మొహం తెలియని పదకొండు మందిని నేనే కూర్చుని తీసేశాను.

అక్కావాళ్లు వెళ్లేటప్పుడు పాప ఆ డబ్బా నా చేతిలో పెట్టి, "పిన్నీ, వేసవికి పర్లాకిమిడిలో దాచాలి, రాజుగారి కోట దగ్గర కాదు, అక్కడ తప్పు కదా, స్టేషను దగ్గర" అంది. మావయ్యగారు అప్పుడే కాగితం తీసుకుని ప్రశ్నలు రాస్తున్నారు. మొదటిది రాసేశారు: పర్లాకిమిడి రైలు లైను పెద్ద లైను కాకముందు, పాత చిన్న రైలు మొదలైన ఏడాది ఏది?